బుట్టతో సహా

“మీ కాటా తప్పు చూపిస్తోందండి,” అన్నాడతను.

రాస్తున్న చిన్న డాక్టరు కలం ఆగింది. ఆమె చుట్టూ నిలబడ్డ పదకొండు మంది విద్యార్థులూ తలలెత్తారు. పశువైద్య కళాశాల ఆసుపత్రిలో చిన్న జంతువుల గది అది. బల్ల మీద కాటా, కాటా మీద పళ్లెం, పళ్లెంలో ఒక గినీపిగ్. వెనక కాలికి గుడ్డ చుట్టుకుని, లోకమంతటి మీదా అలిగినట్టు కూర్చుంది. కాటా తెర మీద ఎనిమిది వందల పన్నెండు గ్రాములు అని పచ్చగా వెలుగుతోంది.

“మీకెలా తెలుసు?” అంది ఆమె.

“పొద్దున తూచాను. ఏడు వందల అరవై నాలుగు.”

“మీ ఇంట్లో కాటాయే తప్పేమో.”

అతను మామూలుగా నోరున్న మనిషి కాదు. ఎవరేమన్నా తల దించుకుని పోయే రకం. కానీ అతని తాత కాటాలు బాగుచేశాడు, తండ్రి కాటాలు బాగుచేశాడు, ఇప్పుడు అతను కాటాలు బాగుచేస్తున్నాడు. ఆ ఇంట్లో మనిషి అబద్ధమాడితే సర్దుకుపోతారు గానీ కాటా అబద్ధమాడితే ముద్ద దిగదు. అతను గినీపిగ్‌ని ఎత్తి గుండెకి ఆనించుకున్నాడు. రెండో చేత్తో జేబులోంచి అరకిలో ఇత్తడి రాయి తీసి పళ్లెంలో పెట్టాడు.

ఐదు వందల ముప్పై ఒకటి.

ఎవరో కిసుక్కుమన్నారు. వెనకనుంచి పెద్ద డాక్టరుగారు ముందుకొచ్చి తెర వంక చూశారు. ఈ వారం దీని మీద తూచి ఎన్నిటికి మత్తు ఇచ్చామమ్మా అని మెల్లగా అడిగారు. మూడింటికి అని చెప్పింది చిన్న డాక్టరు. ఏ ప్రాణానికీ ముప్పు రాలేదు, అదే మన అదృష్టం అన్నారాయన. ఆయన కోప్పడలేదు. అందుకే ఆమె చెవులు మరీ ఎర్రబడ్డాయి.

అతనికి అప్పుడు తెలివొచ్చింది. సాయం అడగడానికి వచ్చినవాడు చేయవలసిన పని కాదది.

ఆ గినీపిగ్ పేరు అరకిలో. పెంపుడు జంతువులమ్మే కొట్టతను కొట్టు మూసేస్తూ, కాటా తిరిగివ్వడానికి వెళ్లిన ఇతని చేతిలో దాన్ని పెట్టి వెళ్లిపోయాడు. ఇంటికి తెచ్చి తూచితే సరిగ్గా ఐదు వందల గ్రాములు. ఒక గ్రాము ఎక్కువ లేదు, తక్కువ లేదు. అంతటి నిక్కచ్చి ప్రాణిని వదిలేయడానికి అతనికి మనసొప్పలేదు. ఇంట్లో ఉండేది అతనూ నానమ్మా. నానమ్మ మొదట్లో దాన్ని చెవుల్లేని కుందేలు అని తిట్టింది. తర్వాత తర్వాత మనవడితో చెప్పవలసిన మాటలన్నీ దానితోనే చెప్పేది. మనవడు ఎటూ జవాబివ్వడు. ఇదైనా కుయ్ కుయ్ అంటుంది.

నాలుగు రోజుల కిందట అతని చేతిలోంచి రెండు కిలోల రాయి జారింది. అరకిలో బల్ల కింద గడ్డి నములుతోంది. తర్వాత వినిపించిన కేక అతని చెవుల్లోంచి ఇంకా పోలేదు. ఇరవై ఏళ్లుగా రాళ్లు పట్టుకుంటున్న చెయ్యి ఆ ఒక్కసారే జారింది.

మొదటి ఆసుపత్రిలో కుక్కలకీ పిల్లులకీ మాత్రమే చూస్తామన్నారు. రెండో చోట ఇలాంటి వాటికే ప్రత్యేకంగా చదివిన డాక్టరున్నాడు. ఎక్స్‌రే ఫోటో తీసి, ఎముకలో సన్నని కడ్డీ వెయ్యాలని చెప్పి, ఖర్చెంతవుతుందో ఒక చీటీ మీద రాసిచ్చాడు. అది అతని మూడు నెలల సంపాదన. అంత పెట్టలేకపోతే నొప్పి తెలియకుండా సూది మందుతో నిద్రపుచ్చేయవచ్చు, అది చవక అని కూడా చెప్పాడు. అతను చీటీ మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చాడు. ఆ గుమ్మం దగ్గర తుడుస్తున్న ఆవిడే చెప్పింది, కళాశాల ఆసుపత్రికి వెళ్లు నాయనా, గురువారం గురువారం పెద్దాయన వస్తారు, పిల్లలకి పాఠం చెబుతూ చేస్తారు, మందుల డబ్బు ఇస్తే చాలు అని.

అలా వచ్చినవాడు, వచ్చీ రాగానే డాక్టరమ్మ పరువు తీశాడు.

పెద్ద డాక్టరుగారు కాలు చూశారు, ఫోటో చూశారు. వాపు తగ్గాలి, వచ్చే గురువారం కడ్డీ వేద్దాం అన్నారు. ఒక్కటే షరతు. ఇలాంటివి నొప్పికి తిండి మానేస్తాయి, తిండి మానేస్తే బరువు పడిపోతుంది. ఏడు వందల కంటే తగ్గితే మత్తు ఇవ్వడానికి లేదు, ఇస్తే లేవకపోవచ్చు. మూడు గంటలకోసారి గడ్డిపొడి జావలా కలిపి గొట్టంతో తాగించాలి. రోజూ పొద్దున బరువు తూచి చిన్న డాక్టరుకి ఫోన్ చెయ్యాలి.

అంటే అతని చేతిలో ఉన్నది అరవై నాలుగు గ్రాములు. అది అతనికి కాటా లేకుండానే తెలిసింది.

చిన్న డాక్టరు అరకిలో వచ్చిన వెదురు బుట్టని అతని రాయితో సరిచేసిన లెక్కన తూచింది. అరవై రెండు. దాన్ని కేసు కాగితం మీద రాసుకుంది. ఒట్టి పళ్లెంలో పెడితే ఇది బెదురుతుంది, బుట్టలోనే ఉంచి తూచండి, బుట్ట బరువు నేను తీసేసుకుంటాను అంది. అతను తల ఊపాడు. అక్కడితో ఊరుకోకుండా కాటా తిరగేసి, ఒక మూల కాలి కింద మడిచి పెట్టిన మందుల చీటీ లాగేసి, జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి లోపలేదో సవరించాడు. మళ్లీ రాయి పెట్టాడు. ఐదు వందలు.

ఆమె కాటా వంకా రాయి వంకా మార్చి మార్చి చూసింది.

“ఆ రాయి ఎప్పుడూ జేబులో పెట్టుకునే తిరుగుతారా?”

“ఆఁ.”

“పెళ్లిళ్లకి కూడానా?”

అతను కాస్త ఆలోచించాడు. “పెళ్లిళ్లకి నూరు గ్రాములది చాలు,” అన్నాడు.

అది హాస్యమో నిజమో ఆమెకి అంతుపట్టలేదు. అతని మొహం చూస్తే తెలిసేది కాదు. ఆమె కళ్లద్దాలు తుడుచుకునే నెపంతో తల తిప్పుకుంది. “సరే కాటాగారూ, రేపు ఫోన్ చెయ్యండి,” అంది గోడ వైపు చూస్తూ.

శుక్ర, శని, ఆదివారాలు అతనికి ఊపిరాడని పని. ఊరి చివర టోకు మార్కెట్లో ఏడాదికొకసారి కాటాలన్నీ తనిఖీ చేసి, ప్రతిదానికీ తేదీ రాసిన చీటీ అంటించాలి. తెల్లారకముందే వెళ్లిపోవాలి. అందుకని ఆ మూడు రోజులూ తూచడం, ఫోన్ చెయ్యడం నానమ్మ వంతయింది. ఆవిడ బుట్టని కాటా మీద పెట్టి, తెర మీద ఏది కనిపిస్తే అది చదివేది. ఎనిమిది వందల ఇరవై రెండు. ఎనిమిది వందల పద్దెనిమిది. ఎనిమిది వందల పదమూడు. బరువు చెప్పడానికి పట్టేది అర నిమిషం. ఫోన్ మాత్రం అరగంట దాకా పెట్టేది కాదు.

సోమవారం పొద్దున అతనే ఫోన్ చేశాడు. బరువు చెప్పబోయేలోపు ఆమె అందుకుంది.

“చిన్నప్పుడు మీ నానమ్మగారు తమ్ముడికి పెద్ద బిస్కెట్ ఇచ్చారని, మీరు రెండూ తూచి చూపించారట కదా.”

అతను నానమ్మ వైపు చూశాడు. ఆవిడ కిటికీలోంచి మబ్బుల్ని చూడడంలో మునిగిపోయింది.

“ఏడు వందల నలభై ఎనిమిది,” అన్నాడు.

“ఇంతకీ బిస్కెట్లకి ఎంత తేడా వచ్చిందేమిటి?”

“మూడు గ్రాములు. ఉంటానండి.” ఫోన్ పెట్టేశాడు. చెవులు కాలుతున్నాయి. ఇంకో రెండు మాటలు మాట్లాడి ఉంటే జరగబోయేది జరిగేది కాదు. కానీ అతని సంచిలో ఆ రెండు మాటలు లేవు.

ఆ మధ్యాహ్నం వాన మొదలైంది. చినుకులుగా మొదలై, ఇంటి ముందు గదిలో ఉన్న కొట్టు రేకు తలుపు మీద గులకరాళ్లు పోసినట్టు పడసాగింది. అతను లోపల తుప్పు పట్టిన త్రాసుని మిషను మీద రుద్దుతున్నాడు. ఆ చప్పుడులో ఫోను బల్ల మీద మోగి మోగి ఊరుకుంది. ఏడు సార్లు.

నాలుగింటికి ఎవరో రేకు తలుపు దబదబా బాదారు. తీస్తే చిన్న డాక్టరు. గొడుగు వెనక్కి విరుచుకుపోయింది. జుట్టు మొహానికి అంటుకుంది. కళ్లద్దాల మీద నీళ్లు కారుతున్నాయి. ఒక చేతిలో మందుల సంచి, దాన్ని మాత్రం తడవకుండా పొట్టకి అదుముకుంది.

“ఫోన్ ఎందుకెత్తరు మీరు?”

అతను మిషను వైపు చూపించాడు. ఆమె చూడలేదు.

“మధ్యాహ్నం లెక్క వేసి చూస్తే, ఒక్క రాత్రిలో అరవై ఐదు గ్రాములు పడిపోయింది. ఆరు వందల ఎనభై ఆరు. అంత తీరిగ్గా ఎలా చెప్పారండీ? పైగా బిస్కెట్ల తేడా మూడు గ్రాములట. నేను రెండు బస్సులు మారి వచ్చాను. దారంతా ఏం చూడాల్సొస్తుందోనని...”

అతను ఆ అంకె మళ్లీ తనలో అనుకున్నాడు. ఆరు వందల ఎనభై ఆరు. ఏడు వందలకి కింద. పొద్దున తను చూసిందేమిటి, ఈవిడ చెబుతున్నదేమిటి. ఇరవై ఏళ్లలో మొదటిసారి తన కాటా మీద తనకే అనుమానమొచ్చింది. ముగ్గురూ లోపలి గదిలోకి పరుగెత్తారు. నానమ్మ కూడా మోకాళ్ల నొప్పి మరిచిపోయింది.

అరకిలో బుట్టలో కూర్చుని అతని రసీదు పుస్తకం అంచు నములుతోంది. ముగ్గుర్నీ చూసి నమలడం ఆపింది. మీకేం కావాలన్నట్టు చూసి మళ్లీ మొదలెట్టింది.

చిన్న డాక్టరు దాన్ని ఎత్తి కాటా మీద పెట్టింది. ఏడు వందల నలభై ఏడు.

ఆమె ఖాళీ బుట్ట వైపు చూసింది.

“పొద్దున బుట్టతో తూచారా?” అంది ఆమె.

“బుట్టతోనే.”

“మరి?”

“బుట్ట బరువు తీసేసి చెప్పాను.”

“నేను కదా తీసేస్తానన్నాను.”

“అన్నారు. కానీ గిన్నె బరువు తియ్యకుండా తూకం చెప్పడం...” అతను తల గోక్కున్నాడు. “నోట రాదండి. చెయ్యే తీసేస్తుంది.”

“నేనూ తీసేశాను,” అంది ఆమె నెమ్మదిగా.

నానమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. నేను చదువుకోనిదాన్ని, మూడు రోజులు సరిగ్గా చెప్పాను. చదువుకున్న డాక్టరూ, మూడు తరాల కాటాలవాడూ కలిసి ఒకే బుట్టని రెండుసార్లు తీసేశారు అంది. అని, తడి గుడ్డలతో నిలబెట్టి మాట్లాడతావేంరా అని మనవడిని కసిరి, తువ్వాలు తెచ్చి ఆమె తల మీద వేసింది.

తువ్వాలు కింద భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని అతను బెంబేలెత్తాడు. తువ్వాలు తీసింది. నవ్వుతోంది. నవ్వీ నవ్వీ కళ్లెంబడి నీళ్లొచ్చాయి.

“ఆ రోజు పదకొండు మంది ముందు నా కాటా తప్పన్నారు కదా,” అంది. “ఇప్పుడు చెప్పండి, తప్పెవరిది?”

“నాదే,” అన్నాడు.

అంత తొందరగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. ఇంకా నాలుగు మాటలు సిద్ధం చేసుకుని ఉంది, అవన్నీ వృథా అయ్యాయి.

వాన వదల్లేదు. నానమ్మ వేడివేడిగా టీ ఇచ్చింది. అరకిలోకి తాగించే వేళయింది. అతను దాన్ని పట్టుకున్న తీరు చూసి ఆమె టీ పక్కన పెట్టేసింది. అది రాయి కాదండీ, అలా మెడ పట్టుకుని ఎత్తితే ఎలా అని, అతని అరచేతిని తిరగేసి, కింద ఒక చెయ్యి, గుండె దగ్గర రెండు వేళ్లు, ఇలా అని సర్దింది. ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి. అరకిలో గొట్టం అందుకుని చప్పరించింది. అతనికి మాత్రం గుటక పడలేదు. ఈ గుండె నిమిషానికి రెండు వందలకి పైగా కొట్టుకుంటుంది, మామూలే, భయపడకండి అంది ఆమె. దేని గుండె గురించి చెబుతోందో తెలియడానికి అతనికి కొంచెం టైం పట్టింది.

వెళ్లేముందు బల్ల మీది నల్ల రంగు పెన్ను తీసుకుని, వెదురు బుట్ట పిడి మీద పెద్ద అక్షరాలతో రాసింది: బుట్ట 62.

గురువారం నాటికి అరకిలో ఏడు వందల ముప్పై తొమ్మిది. ఆసుపత్రి కాటా అదే చెప్పింది, ఇంటి కాటా అదే చెప్పింది. లోపలికి తీసుకుపోయారు. అతను బయట బెంచీ మీద కూర్చుని, అరకిలో రాయిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ ఉండిపోయాడు. పక్కన కూర్చున్న కుక్క యజమాని ఏమిటది అని అడిగాడు. అతను రాయి చూపించి మళ్లీ తలుపు వైపు తిరిగాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచేవాడు, మళ్లీ కూర్చునేవాడు.

గంటన్నర తర్వాత చిన్న డాక్టరు బయటికొచ్చింది. మూతిగుడ్డ కిందికి లాగింది. మొహం మీద దాని గీత పడింది.

“లేచింది. లేవగానే కుయ్‌మంది. నన్ను తిట్టినట్టే ఉంది.”

అతను ఏదో అనబోయాడు. చేతిలో రాయి వంక చూసుకున్నాడు. ఆమె తొందరపెట్టలేదు, అలాగే నిలబడింది.

“నా చేతిలోంచే జారిందండి ఆ రాయి,” అన్నాడు చివరికి.

“కాగితంలో రాశారుగా.”

“రాయడం వేరు.”

ఆమె అతని చేతిలో ఉన్న ఇత్తడి రాయి తీసుకుని, కాసేపు అరచేతిలో ఉంచుకుని, జాగ్రత్తగా అతని జేబులో వేసింది. “అది మళ్లీ నాలుగు కాళ్ల మీదా నడుస్తుంది,” అంది. “మీరు ఇంటికెళ్లి నిద్రపోండి.”

ఆ పూట ఇంటికెళ్లేముందు అతను ఆసుపత్రి కాటాని పూర్తిగా విప్పి శుభ్రం చేసి, అన్ని కాటాలకీ అంటించినట్టే దానికీ ఒక చీటీ అంటించాడు. మళ్లీ తనిఖీ చేయవలసిన తేదీ అన్నచోట వచ్చే గురువారం అని రాశాడు.

ఆరు గురువారాలు కట్టు చూపించడానికి వచ్చాడు, వచ్చినప్పుడల్లా కాటా చీటీ మీద తేదీ మళ్లీ వచ్చే గురువారానికి మార్చాడు. ఎముక అతికింది. కడ్డీ తీశారు. అరకిలో కొంచెం కుంటుతూ, ఆ కుంటడంలో కూడా ఒక దర్జాతో గదంతా తిరిగింది. ఇంక రానక్కర్లేదు, సంతోషం అన్నారు పెద్ద డాక్టరుగారు. సంతోషంగా ఉండవలసిన మనిషి ఎందుకలా మొహం వేలాడేశాడో ఆయనకి అర్థం కాలేదు.

ఏడో గురువారం మూడున్నరకి అతను పనిముట్ల సంచితో వచ్చాడు. కాటా చూడాలన్నాడు. చూస్తే నిజంగానే ఒక పక్కకి ఒరిగి ఉంది. మట్టం చూపించే గాజులో బుడగ నడిమి నుంచి జరిగింది. సరిచేశాడు, చీటీ మార్చాడు, వచ్చే గురువారం అని రాశాడు. ఎనిమిదో గురువారం బుడగ మళ్లీ జరిగింది, అటే, అంతే. తొమ్మిదో గురువారమూ అంతే. అతను నేల చూశాడు, బల్ల చూశాడు, సరిచేసి చీటీ మార్చి వెళ్లాడు.

పదో గురువారం ఆమె చేతులు కట్టుకుని కాటా పక్కన నిలబడి ఉంది.

“నిన్న కూరగాయల కొట్టుకి వెళ్లాను. అక్కడ కాటా మీద మీ చీటీ ఉంది. మీ రాతే.”

అతను సంచి కింద పెట్టాడు.

“మళ్లీ తనిఖీ ఏడాది తర్వాతట. కూరగాయల కాటాకి ఏడాది, మా కాటాకి వారమా? అంత చెడ్డదా మాది?”

తప్పించుకునే దారి లేదు. గదిలో ఇంకెవరూ లేరు. అతను కాటా ముందు వంగి, బుడగ చూసి, దాని ముందు కాలు వేలితో ముట్టుకున్నాడు.

“ఈ కాలు దానంతటది తిరగదండి,” అన్నాడు. “ప్రతి వారం అర చుట్టు. ఎవరో తిప్పుతున్నారు.”

ఆమె చేతులు విప్పేసింది. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కోటు జేబుల్లో పెట్టుకుంది.

“మూడింటికి తిప్పుతాను,” అంది చివరికి, తల వంచుకుని. “జంతువులన్నీ వెళ్లిపోయాక. మీరు మూడున్నరకి వస్తారుగా. ఒక్కదాన్ని కూడా తప్పు తూచలేదు.”

“తెలుసు.”

“ఎప్పటినుంచి?”

“ఎనిమిదో వారం నుంచి.”

“తెలిసి రెండు వారాలు నోరు విప్పలేదా? బాగుచేసి పోతున్నారా?”

“మీరు మళ్లీ తిప్పుతారు కదా అని.”

ఆమె నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. ఆగలేదు. అతను అరకిలో రాయిని జేబులో గట్టిగా పట్టుకున్నాడు, అదే ధైర్యమన్నట్టు. తలెత్తి, ఆమె వంక తిన్నగా చూశాడు.

“మీరంటే నాకిష్టమండి,” అన్నాడు. “చాలా.”

ఆమె కళ్లద్దాలు సర్దుకుంది. “ఈ చాలా అన్నది బుట్ట తీసేసి చెబుతున్నారా, బుట్టతో సహానా?”

అతనికి జీవితంలో మొదటిసారి మాట వెంటనే దొరికింది.

“బుట్టతో సహా. కుంటి కాలుతో సహా. నానమ్మతో సహా.”

“నానమ్మగారు ముందే చెప్పారు,” అంది ఆమె. “ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తారు. మావాడు మాట్లాడడు, నువ్వే ఏదో ఒకటి కదిలించు తల్లీ అన్నారు. నాకు కదిలించడానికి ఈ కాలు తప్ప ఏం దొరకలేదు.”

అతని సంచిలోంచి కొత్త చీటీ తీసుకుని, కాటాకి అంటించి, కలంతో తేదీ రాసింది. సరిగ్గా ఏడాది తర్వాతి తేదీ. అది చూసి అతని మొహం వాడిపోయింది.

“అది కాటాకి,” అంది. “మీరు మాత్రం రేపు సాయంత్రం మా ఇంటికి రండి. అమ్మా నాన్నా ఉంటారు. నానమ్మగార్నీ తీసుకురండి. ఆ రాయి మాత్రం తేకండి, మా నాన్న భయపడతారు.”

అతను జేబు తడుముకుని, మొహంలో ఏ భావమూ లేకుండా అడిగాడు.

“నూరు గ్రాములది?”

ఆమె ఆ రోజులాగే గోడ వైపు తిరగబోయి, తిరగలేదు.

“అది తెచ్చుకోండి,” అంది.